సందు పేరు తెలిసినవాళ్లు

ఎక్కడ భూకంపం వచ్చినా, వరద వచ్చినా మొదటి వార్త వెంటే మనకు వినిపించేది విరాళాల లెక్క. ఏ దేశం ఎన్ని కోట్లు ప్రకటించింది, ఎన్ని విమానాల్లో ఎన్ని టన్నుల సరుకు బయలుదేరింది అని చెబుతారు. అవన్నీ అవసరమే. అయితే ఆ సరుకు ఫలానా వాడలో ఫలానా ఇంటి ముందుకు చేరాలంటే ఆ వాడ ఎక్కడుందో తెలిసిన మనిషి ఉండాలి. ఆ ఇంట్లోవాళ్లు ఏమడుగుతున్నారో అర్థమయ్యే మనిషి ఉండాలి. చాలాసార్లు ఆ మనిషి ఆ ఊళ్లో ఉండడు. బతుకుతెరువు కోసం వేల మైళ్ల దూరం వెళ్లి, అక్కడ టాక్సీ నడుపుతూనో, ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూనో ఉంటాడు. వలస వెళ్లినవాళ్ల దగ్గర డబ్బు మాత్రమే కాదు, సొంత ఊరి ఎరుక కూడా ఉంటుందని, ఆపదలో అది ప్రాణాలు నిలబెడుతుందని లోకానికి తెలియజెప్పినవాళ్లు హైతీ ప్రజలు. ఈ రోజు వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

హైతీ కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దేశం. ఒకే దీవిని డొమినికన్ రిపబ్లిక్‌తో పంచుకుంటుంది. చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, గెలిచి, 1804లో స్థాపించుకున్న దేశమది. ఆ స్వాతంత్ర్యానికి వాళ్లు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. బానిసలను, తోటలను పోగొట్టుకున్నందుకు తమకే నష్టపరిహారం ఇవ్వాలని 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి మరీ ఒప్పించింది. ఆ అప్పు తీర్చడానికి హైతీకి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. తర్వాత 1957 నుంచి 1986 దాకా డువాలియే తండ్రీకొడుకుల నియంతృత్వం. ఆ కాలంలో డాక్టర్లు, టీచర్లు, నర్సులు దేశం విడిచి న్యూయార్క్, మాంట్రియల్ చేరుకున్నారు. వాళ్ల వెనక పేదలు చిన్న చిన్న పడవల్లో సముద్రం దాటి మయామీ చేరారు.

హైతీ అప్పట్లో తొమ్మిది విభాగాలుగా ఉండేది. వాటిని మన జిల్లాల్లాంటివి అనుకోవచ్చు. 1990ల మొదట్లో అధ్యక్షుడు జాఁ బెర్త్రాఁ అరిస్తీద్ విదేశాల్లోని హైతీయులను దేశానికి పదో విభాగమని పిలిచాడు. పటంలో ఎక్కడా లేని ఆ విభాగం 2010 నాటికి ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఇంటికి పంపేది. పిల్లల బడి ఫీజు, తల్లిదండ్రుల మందులు, పండగకు కొత్త బట్టలు అన్నీ ఆ డబ్బుతోనే జరిగేవి.

2010 జనవరి 12 సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు భూమి కంపించింది. తీవ్రత 7.0. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, లెయొగాన్ పట్టణం దగ్గర దాని కేంద్రం. అధ్యక్ష భవనం కుంగిపోయింది, పెద్ద చర్చి కూలిపోయింది. ఐక్యరాజ్యసమితి కార్యాలయం నేలమట్టమైంది, ఆ సంస్థ సిబ్బంది మొత్తం 102 మంది చనిపోయారు. ఆపదలో ముందుకు రావాల్సిన ప్రభుత్వం, పోలీసులు, ఆసుపత్రులు, అంతర్జాతీయ సంస్థలు అందరూ తామే శిథిలాల కింద చిక్కుకున్నారు. మృతుల లెక్క మీద ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. హైతీ ప్రభుత్వం 3 లక్షలకు పైనే అన్నది, తర్వాత వచ్చిన కొన్ని అంచనాలు అంతకంటే చాలా తక్కువ చెప్పాయి. ఇళ్లు పోయినవాళ్లు మాత్రం సుమారు 15 లక్షల మంది.

ఆ రాత్రి రాజధానిలో సిగ్నల్ ఎఫ్‌ఎం అనే స్టేషను ఆగకుండా ప్రసారం చేసింది. జనం స్టేషను గేటు దగ్గరికి వచ్చి తమ క్షేమం చెప్పుకున్నారు, కనబడనివాళ్ల పేర్లు చదివించుకున్నారు. రేడియోలో మాట్లాడుతున్న నేను ఆ మాట గర్వంగా చెప్పకుండా ఉండలేను. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రేడియో సొలేయ్ వంటి ప్రవాసుల స్టేషన్లు కూడా రాత్రింబవళ్లు పనిచేశాయి. ఫోన్లు సరిగా కలవని ఆ రోజుల్లో అక్కడి హైతీయులకు ఇంటి కబురు అందించింది రేడియోనే.

మాట కలవకపోయినా, ఫోన్లలో చిన్న సందేశాలు మాత్రం ఆలస్యంగానైనా చేరుతున్నాయి. దీన్ని గమనించిన కొందరు సాంకేతిక నిపుణులు, సహాయ కార్యకర్తలు డిజిసెల్ అనే టెలిఫోన్ కంపెనీతో మాట్లాడి 4636 అనే నంబరు సిద్ధం చేశారు. కొద్ది రోజుల్లోనే రేడియోలో ప్రకటన వచ్చింది. మీకేం కావాలో, ఎక్కడున్నారో 4636కు రాయండి, డబ్బు పడదు అని చెప్పారు. సందేశాలు వెల్లువెత్తాయి. అయితే అవన్నీ దాదాపుగా క్రెయోల్‌లో ఉన్నాయి. హైతీ ప్రజలంతా మాట్లాడే భాష అది. ఫ్రెంచి బాగా వచ్చినవాళ్లు అక్కడ కొద్దిమందే. సహాయానికి వచ్చిన అమెరికా సైనికుల్లో, కోస్ట్‌గార్డులో క్రెయోల్ వచ్చినవాళ్లు దాదాపు లేరు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి పెట్టిన మొర కళ్లముందే ఉంది, చదవగలిగే కళ్లు మాత్రం లేవు.

అప్పుడు ఆ పదో విభాగం కదిలింది. మయామీలో, బోస్టన్‌లో, మాంట్రియల్‌లో, ఇంకా ఎన్నో దేశాల్లో ఉన్న హైతీయులు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు కలిసి వేయి మందికి పైగా. వచ్చిన ప్రతి సందేశాన్నీ అనువదించి, అది నీళ్ల కోసమా, మందుల కోసమా, శిథిలాల కింద చిక్కినవాళ్ల గురించా అని విడదీసి, అది పుట్టిన చోటును మ్యాపు మీద గుర్తించి సహాయ బృందాలకు పంపేవారు. ఈ పనిని సమన్వయం చేసిన భాషా సాంకేతిక నిపుణుడు రాబర్ట్ మన్రో తర్వాత రాసిన వివరాల ప్రకారం, మొదటి ఆరు వారాల్లోనే 40,000కు పైగా సందేశాలు ఇలా వెళ్లాయి. క్రెయోల్‌లో వచ్చిన సందేశం అర్థంతో, చిరునామాతో సహా అవతలికి చేరడానికి సగటున 10 నిమిషాలు పట్టింది.

ఆ 10 నిమిషాల్లో జరిగిన పని ఎంత కష్టమో చూడండి. ఫోన్లో రాసేటప్పుడు ఎవరూ అక్షర దోషాలు చూసుకోరు. సగం మాట మింగేస్తారు, ఊరిని ముద్దుపేరుతో రాస్తారు. ఉత్తరాన ఉన్న కాప్-హైసియెన్ నగరాన్ని అక్కడివాళ్లు ఒకాప్ అంటారు. ఒక సందేశం ఇలా వచ్చింది: ఒకాప్‌కు దక్షిణంగా 14 కిలోమీటర్ల దూరంలో మిలో ఊళ్లో ఉన్న సాక్రె-కేర్ ఆసుపత్రి రోగులను చేర్చుకోవడానికి సిద్ధంగా ఉంది, జబ్బుపడ్డవాళ్లను అక్కడికి పంపండి అని. రాజధానిలో గాయపడ్డవాళ్లు మంచాలు లేక ఆరుబయట పడి ఉన్న సమయమది. ఒకాప్ అంటే ఏమిటో, మిలో ఎటువైపుందో తెలిసిన మనిషి చదివితేనే ఆ సందేశానికి విలువ. ఆ ఆసుపత్రికి తర్వాత హెలికాప్టర్లలో వందల మంది క్షతగాత్రులను తీసుకెళ్లారు.

అనువాదకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక చాట్ గది కూడా ఉండేది. తొమసిన్ అనే చోటు ఎక్కడ వస్తుందని ఒకరు అడుగుతారు. పెత్యోన్‌విల్ దాటి కొండపైకి వెళ్లాక ఆ ప్రాంతానికి మ్యాపులో వీధి పేర్లే లేవని, తనకు మాత్రం అది కొట్టినపిండి అని మరొకరు జవాబు చెప్పి, అక్షాంశ రేఖాంశాలు తీసి ఇస్తారు. అడిగినవాళ్లు నువ్వు ఉన్నావు గనక సరిపోయిందని దేవుడికి దండం పెట్టుకుంటారు. ఉపగ్రహం నుంచి తీసిన చిత్రంలో ఇళ్ల కప్పులు కనబడతాయి, వీధి గీత కనబడుతుంది. ఆ వీధిని జనం ఏమని పిలుస్తారో అందులో కనబడదు. అది అక్కడ పెరిగిన మనిషి జ్ఞాపకంలోనే ఉంటుంది.

యంత్రాలు ఈ పని చేయలేవా అని మీరు అడగవచ్చు. భూకంపానికి ముందు క్రెయోల్‌ను అనువదించే ఉచిత యంత్రం చెప్పుకోదగ్గది లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న భాషా సామగ్రిని అందరికీ విడుదల చేసింది. దాన్ని, ఇంకా దొరికినదాన్ని కలుపుకుని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఐదు రోజుల్లోపే ఒక అనువాద యంత్రాన్ని తయారుచేశారు. అది గొప్ప పనే, అందులోనూ హైతీ స్వచ్ఛంద సేవకుల చెయ్యి ఉంది. అయినా మింగేసిన మాటను పూరించి, ముద్దుపేరును గుర్తుపట్టి, దారి చెప్పింది మాత్రం మనుషులే.

ఇంకో పక్క వైద్యులు, నర్సులు బయలుదేరారు. విదేశాల్లోని హైతీ వైద్యులకు 1972 నుంచి న్యూయార్క్ కేంద్రంగా ఒక సంఘం ఉంది. ఆ సంఘం సభ్యులు, వాళ్లతోపాటు ఎందరో నర్సులు సెలవులు పెట్టి పోర్ట్-ఓ-ప్రిన్స్ చేరుకున్నారు. కూలిన గోడల కింద నలిగిన కాళ్లు, చేతులు తీసేయాల్సిన రోజులవి. పరాయి భాషలో మాట్లాడే సర్జన్ వచ్చి కాలు తీసేయాలంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఎందుకు తీయాలో, తీయకపోతే ఏమవుతుందో, తర్వాత బతుకు ఎలా ఉంటుందో సొంత భాషలో, మంచం పక్కన కూర్చుని చెప్పగలిగిన నర్సు అక్కడ ఇద్దరు సర్జన్లకు సమానం. రోగి సమ్మతి కాగితం మీద సంతకంతో అయిపోదు. అర్థమై తలూపినప్పుడే అది సమ్మతి.

డబ్బు విషయం కూడా చెప్పాలి. అమెరికాలో అప్పటికే ఉంటూ సరైన పత్రాలు లేని హైతీయులకు భూకంపం వచ్చిన మూడు రోజులకే, జనవరి 15న, అక్కడి ప్రభుత్వం తాత్కాలిక రక్షణ హోదా ప్రకటించింది. దానివల్ల వేల మంది భయం లేకుండా పని చేసుకుని ఇంటికి డబ్బు పంపగలిగారు. ఏ గుడారం తర్వాత ఏ గుడారానికి బియ్యం ఇవ్వాలని కమిటీలు చర్చించేలోపు, అన్న పంపిన వంద డాలర్లు చెల్లెలి చేతిలో పడ్డాయి. ఆ డబ్బుతో బియ్యం కొనాలో, టార్పాలిన్ కొనాలో, బిడ్డకు మందు కొనాలో ఆమే నిర్ణయించుకుంది. సాయం పొందేవాళ్లకు ఆ నిర్ణయం వదిలేయడమే వాళ్లకు మనమిచ్చే మొదటి గౌరవం.

ఇంతా చెప్పాక, ఆ పెద్ద సహాయ యంత్రాంగం ఎలా నడిచిందో కూడా చెప్పుకోవాలి. సమన్వయ సమావేశాలు విమానాశ్రయం పక్కన, కాపలా ఉన్న ఐక్యరాజ్యసమితి ఆవరణలో జరిగేవి. చాలావరకు ఇంగ్లీషులోనే జరిగేవి. ఆ ఊళ్లో దశాబ్దాలుగా పనిచేస్తున్న స్థానిక సంఘాల నాయకులు గేటు దాటి లోపలికి రావడమే కష్టమైపోయింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి కార్యాలయం తర్వాత లెక్క తీస్తే, మానవతా సహాయ నిధుల్లో హైతీ ప్రభుత్వానికి నేరుగా అందింది సుమారు 1 శాతం, హైతీ స్వచ్ఛంద సంస్థలకు అందింది అంతకంటే తక్కువ. అదే ఏడాది అక్టోబరులో కలరా వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి నదిలో కలిసిన మురుగు ద్వారా అది దేశమంతా పాకిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. తన బాధ్యత గురించి క్షమాపణ చెప్పడానికి ఆ సంస్థకు 2016 డిసెంబరు దాకా పట్టింది. ఊరి మాట వినే ఏర్పాటు లేకపోతే సాయం చేయడానికి వచ్చినవాళ్ల వల్లే హాని జరగవచ్చు. దానికి ఇంతకన్నా బరువైన రుజువు అక్కర్లేదు.

ప్రవాసుల సేవలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. 4636కు వచ్చిన ప్రతి మొరకూ జవాబు దొరకలేదు. సందేశం చదివినవాళ్లు ఎక్కువ, లారీలు తక్కువ. సందేశాల్లో కొన్నింటిని బహిరంగ మ్యాపు మీద పెట్టడం వల్ల నిస్సహాయుల వివరాలు అందరి కంటా పడ్డాయన్న విమర్శను ఆ పనిలో పాల్గొన్నవాళ్లే చేశారు. పేరున్న హైతీ సంతతి గాయకుడొకరు స్థాపించిన సంస్థకు కోట్ల డాలర్లు వచ్చాయి, లెక్కలు సరిగా లేవని న్యూయార్క్‌లో విచారణ జరిగింది, 2012లో అది మూతపడింది. మనవాడు అన్న నమ్మకం లెక్కల పుస్తకానికి బదులు కాదు. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. విదేశంలో బంధువు ఉన్న ఇంటికి డబ్బు వస్తుంది, ఎవరూ లేని ఇంటికి రాదు. అందుకే ప్రవాసుల సాయం ప్రభుత్వాలు చేయాల్సిన పనికి ప్రత్యామ్నాయం కాదు. దానికి దారి చూపించే దీపం మాత్రమే.

ఆ అనువాద సేవ మొదలుపెట్టినవాళ్లు ఒక మంచి పని చేశారు. కొన్ని వారాల తర్వాత ఆ పనిని విదేశాల్లోని స్వచ్ఛంద సేవకుల నుంచి హైతీలోని మిర్బలే పట్టణానికి అప్పగించారు. అక్కడి యువతీయువకులు జీతం తీసుకుని అదే పని చేశారు. దూరాన ఉన్నవాళ్లు మొదటి గడియల్లో సాయం పట్టి, ఊళ్లోవాళ్లు కాళ్లమీద నిలబడగానే పనినీ దానిమీద వచ్చే జీతాన్నీ వాళ్లకు అప్పజెప్పడం సరైన క్రమం. దేశం కూడా తన ప్రవాసుల విషయంలో ఒక అడుగు వేసింది. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లను 1987 రాజ్యాంగం హైతీయులుగా లెక్కించేది కాదు. ఆ నిబంధనను తొలగించిన సవరణ 2012 జూన్‌లో అమల్లోకి వచ్చింది. డబ్బుకు పనికొచ్చిన బిడ్డలు హక్కులకు కూడా పనికొస్తారని ఒప్పుకోవడమది.

శ్రోతలారా, ఇది మనకు దూరపు కథ అనిపించవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పటి రోజులు గుర్తుచేసుకోండి. మన చిరునామాలు ఎలా ఉంటాయి? వాటర్ ట్యాంకు పక్క సందు, రామాలయం వెనక మూడో ఇల్లు, పాత రైస్ మిల్లు ఎదురు గల్లీ. మన జనం ఫోన్లో తెలుగు ఎలా రాస్తారు? చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో, ఉత్తరాంధ్ర యాస ఒకలా, తెలంగాణ యాస ఒకలా, రాయలసీమ యాస ఒకలా. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన రక్షణ బృందం చేతిలో అలాంటి సందేశం పెడితే వాళ్లకేం తెలుస్తుంది? అదే సందేశం డాలస్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న ఆ వాడ కుర్రాడికి పంపితే చదివిన మరుక్షణం ఆ ఇల్లు అతని కళ్లముందు నిలుస్తుంది.

మన తెలుగువాళ్లు దానగుణంలో ఎవరికీ తీసిపోరు. 2021లో కరోనా రెండో అలలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొని పంపిన ప్రవాస సంఘాలను మనం చూశాం. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లి ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే కూలీలు ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా తలా కొంత వేసుకుని పంపడం చూస్తూనే ఉన్నాం. ఆ డబ్బుతోపాటు వాళ్ల దగ్గర ఉన్న ఊరి ఎరుకను కూడా వాడుకునే ఏర్పాటు మన దగ్గర ఉందా అన్నది నా ప్రశ్న.

అందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి జిల్లా విపత్తు నిర్వహణ కార్యాలయం తన ప్రాంతం నుంచి వలస వెళ్లినవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్ల జాబితా ఒకటి ముందే తయారుచేసుకోవచ్చు. మనకు అర్ధరాత్రి అయినప్పుడు అమెరికాలో పగలు. ఇక్కడి సిబ్బంది అలసి సొమ్మసిల్లే వేళకు అక్కడివాళ్లు కూర్చుని సందేశాలు చదివి, చిరునామాలు గుర్తించి పెట్టగలరు. వాడవాడకూ జనం పిలుచుకునే పేర్లు, గుళ్లు, మసీదులు, చెరువు గట్లు, ఎత్తైన ఇళ్లు మ్యాపు మీద ఎండాకాలంలోనే గుర్తించి ఉంచవచ్చు. బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో ముందే నిర్ణయించుకోవాలి.

విదేశాల్లో ఈ ప్రసంగం వింటున్న తెలుగు సోదరీసోదరులకు కూడా ఒక మాట. ఏదైనా పంపేముందు ఊళ్లోవాళ్లను అడగండి. పాత బట్టల మూటలు పంపితే వాటిని విడదీయడానికే మనుషులు కావాలి. అదే డబ్బు ఇక్కడి దుకాణంలో పెడితే ఆ దుకాణదారుడూ నిలదొక్కుకుంటాడు. మీ బంధువులు ఉన్న వాడతోపాటు, విదేశంలో ఎవరూ లేని పక్క వాడ పేరు కూడా అడిగి తెలుసుకోండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మత్స్యకార సంఘం పెద్ద, పొదుపు సంఘం అధ్యక్షురాలు వంటివాళ్ల ఫోన్ నంబర్లు ఈ రోజే రాసిపెట్టుకోండి. తుపాను వచ్చాక పరిచయం చేసుకోవడానికి సమయం ఉండదు.

2021 ఆగస్టు 14న హైతీ దక్షిణ ప్రాంతాన్ని 7.2 తీవ్రతతో మరో భూకంపం కుదిపింది. 2,200 మందికి పైగా చనిపోయారు. అప్పటికి ప్రవాసుల్లో చాలామంది ఒక పాఠం నేర్చుకున్నారు. పెద్ద పేర్ల వెంట పడకుండా, ఆ పట్టణాల్లో ముందునుంచీ పనిచేస్తున్న స్థానిక సంస్థలను వెతికి వాటికే డబ్బు ఇవ్వమని తమ ఇరుగుపొరుగుకు చెప్పారు. హైతీలో ఒక సామెత ఉంది. చేతులు ఎక్కువైతే బరువు తేలికవుతుందని దాని భావం. ఆ చేతుల్లో కొన్ని సముద్రం అవతల ఉన్నా ఫరవాలేదు. ఏ బరువు ఎక్కడ ఉందో చెప్పే అధికారం మాత్రం ఆ బరువు మోస్తున్నవాళ్ల దగ్గరే ఉండాలి. మన ప్రభుత్వాలు, మన ప్రవాస సంఘాలు ఈ ఒక్క నియమాన్ని ఈ వానాకాలానికి ముందే ఒప్పుకుని, ఒక జిల్లాలోనైనా ఆచరణలో పెట్టాలని కోరుతున్నాను.